రోమన్ సైనికుల పీలమ్ రెప్లికా హైదరాబాద్‌లో చేయించాలి: ఏ రాడ్, ఏ కర్ర, అసలు ఇనుము వంగాలా వద్దా?

హిస్టరీ_మేడం_తార్నాక

అందరికీ నమస్తే. నేను సిటీలో ఒక డిగ్రీ కాలేజీలో హిస్టరీ చెప్తాను. శాతవాహనులు, ఇక్ష్వాకుల టైంలో రోమ్‌తో జరిగిన వ్యాపారం పాఠం వచ్చినప్పుడు పెద్దబంకూరులో, నాగార్జునకొండలో దొరికిన రోమన్ నాణేల గురించి మాట్లాడతాం కదా, ఆ నాణెం మీద తల ఎవరిది, ఆయన సైన్యం ఎట్లా ఉండేది, ఏం పట్టుకుని కొట్లాడేవాళ్లు అని పిల్లలు అడగడం మొదలుపెడితే ఇంక క్లాసు ఆగదు. ప్రొజెక్టర్ మీద బొమ్మ చూపిస్తే సరిపోదు, వస్తువు చేతికివ్వాలి, బరువు తెలియాలి అని నాకు ఎప్పట్నుంచో కోరిక. అందుకే రోమన్ కాల్బలం విసిరే ఈటె, పీలమ్ అంటారు చూడండి, అది రెండు చేయిద్దామనుకుంటున్నా. ఒకటి క్లాసులో చేతులు మారడానికి, ఇంకోటి గ్రౌండులో ప్లైవుడ్ డాలు నిలబెట్టి నిజంగా విసిరి చూపించడానికి.

ముందు ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించాను. ఫోటోలో బాగానే ఉంది, వచ్చాక చూస్తే గోడకి తగిలించుకునే సరుకు. ఇనుప కాడ ఉండాల్సిన చోట సన్నటి పైపు, దాని కొసకి మొన రెండు చుక్కల వెల్డింగ్‌తో అతికించారు, కర్రకీ ఇనుముకీ మధ్య ఒకటే స్క్రూ. విసిరితే మొదటి దెబ్బకే మొన ఊడి ఎటు పోతుందో తెలీదు, పిల్లల మధ్య అది ప్రమాదం. వాపసు తీసుకోమంటే తీసుకోలేదు, సరే అది వదిలేశా.

నాకు తెలిసిన కొలతలు ఇవి: మొత్తం పొడవు 2 మీటర్ల దగ్గర, అందులో పైన 60 సెం.మీ. దాకా సన్నటి ఇనుప కాడ, దాని చివర చిన్న పిరమిడ్ ఆకారం మొన, మిగతాది కర్ర, బరువు 1 నుంచి 2 కిలోల మధ్య. మా వీధి చివర వెల్డింగ్ షాపాయన 12 ఎం.ఎం. టీఎంటీ రాడ్ ముక్క పెట్టి సాయంత్రానికి చేసిచ్చేస్తా మేడం అంటున్నాడు, అది కరెక్టేనా? కర్ర ఏది వాడాలి? పుస్తకాల్లో యాష్ అని యూరప్ చెట్టు కర్ర పేరు ఉంది, అది ఇక్కడ దొరకదు కదా?

అన్నిటికంటే ముఖ్యమైన డౌట్ ఇంకోటి ఉంది. ఏ వీడియో చూసినా ఒకటే మాట, గుచ్చుకోగానే ఇనుము వంగిపోవాలని కావాలనే మెత్తగా చేసేవాళ్లు, శత్రువు తీసి మళ్లీ మన మీదకే విసరకుండా అని. అది నిజమైతే నేను చేయించేదీ వంగాలి. నిజం కాకపోతే ఆ మాట పిల్లలకి చెప్పకూడదు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

రాడ్_లెక్కలు_సనత్‌నగర్

మేడం, టీఎంటీ వద్దే వద్దు. టీఎంటీ తయారయ్యేటప్పుడు వేడి రాడ్ మీద నీళ్లు కొట్టి పైపొరని ఒక్కసారిగా చల్లారుస్తారు, అందుకే పైన గట్టిగా లోపల మెత్తగా ఉంటుంది, స్లాబ్‌కి అది మంచిదే కానీ మీ పనికి కాదు. పైగా దాని ఒంటి నిండా గాట్లు, కాంక్రీట్ పట్టుకోవడానికి పెట్టినవి, అవి డాలు చెక్కని కూడా అట్లాగే పట్టుకుంటాయి. మీకు కావాల్సింది నున్నగా జారే కాడ. ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్, అంటే మెత్తటి ఉక్కు) రౌండ్ రాడ్, ప్లెయిన్‌ది అని అడగండి, రాణిగంజ్ వైపు ఇనుము షాపుల్లో మీటర్ ముక్క కూడా కోసిస్తారు.

బరువు లెక్క ఈజీ, సైట్‌లో పనిచేసే ఎవరినడిగినా చెప్తారు, డయా స్క్వేర్ బై 162 అంటే మీటరుకి ఎన్ని కిలోలో వస్తుంది. 12 ఎం.ఎం. అయితే మీటరుకి 0.889 కిలో, మీ 60 సెం.మీ. ముక్కే అర కిలో దాటిపోతుంది. అదే 7 ఎం.ఎం. అయితే 60 సెం.మీ.కి దాదాపు 180 గ్రాములు, 8 ఎం.ఎం. అయితే 237 గ్రాములు. దొరికిన అసలు పీలమ్‌ల కాడలు చాలావరకు ఈ 7, 8 ఎం.ఎం. దగ్గరే ఉంటాయి, కర్ర వైపుకి వచ్చేకొద్దీ కొంచెం లావెక్కుతాయి. కింద 1.4 మీటర్ల కర్ర 28 ఎం.ఎం. లావున వేసుకుంటే, గట్టి కర్ర అయితే 700 గ్రాములు దాకా వస్తుంది. ఇనుము కర్రలో దిగే జాయింట్ దగ్గర లావుగా ఉంచే కర్ర దిమ్మ, మొన, రివెట్లు కలిపితే మొత్తం కిలో పైచిలుకు, అంటే మీరు చెప్పిన రేంజ్‌లోనే.

ఇంకో మాట, 12 ఎం.ఎం. కాడ పెడితే మొన కంటే కాడే లావు అయిపోతుంది. అప్పుడు అసలు పీలమ్ చేసే పనే చేయదు, ఎందుకో చరిత్ర తెలిసినవాళ్లు నాకంటే బాగా చెప్తారు.

పాలిబియస్_పాఠకుడు

మేడం, మీ చివరి డౌటే అసలు విషయం, అందుకే దాని గురించే ఎక్కువ రాస్తున్నా.

వంగడం అన్న మాట మూడు చోట్ల నుంచి వచ్చి ఒకటే కథలా కలిసిపోయింది. మొదటిది పాలిబియస్, క్రీ.పూ. 2వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు. మొన చాలా సన్నగా ఉంటుంది, మొదటి దెబ్బకే వంగిపోతుంది, శత్రువు తిరిగి విసరలేడు అని ఆయన రాసిన మాట నిజమే, కానీ అది పీలమ్ గురించి కాదు. వెలిటీలు అని ముందు పరిగెత్తి కొట్టి వెనక్కొచ్చే తేలికపాటి కుర్రాళ్లు ఉండేవాళ్లు, వాళ్ల చిన్న ఈటెల గురించి. పీలమ్ దగ్గరికి వచ్చేసరికి ఆయనే ఉల్టా చెప్తాడు, ఇనుముని కర్ర సగం దాకా దించి వరసగా రివెట్లు కొట్టి ఎంత గట్టిగా బిగిస్తారంటే జాయింట్ ఊడటం కంటే ముందు ఇనుమే విరగాలి అని. ఊడకూడదు, చెదరకూడదు అని అంత కష్టపడి చేసే వస్తువుని కావాలని నాసిరకంగా చేశారంటే నేను ఒప్పుకోలేను.

రెండోది గ్రీకు రచయిత ప్లూటార్క్, రోమన్ సేనాపతి మారియస్ జీవిత చరిత్రలో. క్రీ.పూ. 101లో ఉత్తరం నుంచి దండెత్తి వచ్చిన కింబ్రీ తెగ మీద యుద్ధానికి ముందు మారియస్ రెండు ఇనుప మేకుల్లో ఒకటి తీసేసి దాని బదులు తేలిగ్గా విరిగే చెక్క మేకు పెట్టించాడంటాడు. గుచ్చుకోగానే చెక్క మేకు విరిగి కర్ర వాలిపోయి డాలుకి వేలాడుతుంది. అంటే అక్కడ కూడా వంగేది కాడ కాదు, తిరిగేది జాయింట్.

మూడోది జూలియస్ సీజర్, క్రీ.పూ. 58లో హెల్వెటీ తెగ మీద యుద్ధం గురించి తనే రాసింది. ఒకే పీలమ్ రెండు మూడు డాళ్లని కలిపి గుచ్చేసింది, ఇనుము వంగిపోయి లాగితే రాలేదు, ఎడమ చెయ్యి ఆడక చాలామంది డాలు పారేసి ఒట్టి ఒంటితో కొట్లాడారు అని రాశాడు. ఇక్కడ వంగింది నిజమే. కిలో బరువు వెనక నుంచి వేలాడుతుంటే, మనిషి డాలు ఊపుతుంటే సన్నటి కాడ వంగక ఏమవుతుంది? అది జరిగిన ఫలితం, దానికోసమే తయారు చేశారని చెప్పడానికి అది సాక్ష్యం కాదు. పైగా క్రీ.పూ. 48లో గ్రీసులో ఫార్సాలస్ యుద్ధం దగ్గర సీజర్ తన మనుషులకి పీలమ్ విసరొద్దు, చేత్తోనే గుర్రపు సైనికుల మొహాల మీదకి పొడవండి అని చెప్పాడని ప్లూటార్కే రాశాడు. ముట్టుకుంటే వంగేది అయితే ఆ ఆర్డర్ ఎందుకిస్తాడు?

మరి అంత పొడుగు సన్నటి కాడ ఎందుకంటే, మొన కాడకంటే కొంచెం వెడల్పు. అది చెక్కలో రంధ్రం చేస్తే సూది వెనక దారం పోయినట్టు కాడ ఎక్కడా తగలకుండా లోపలికి పోతుంది. మామూలు బల్లెం డాలుకి గుచ్చుకుని అక్కడే ఆగుతుంది, వెనక ఉన్న మనిషి బతికిపోతాడు. పీలమ్ మాత్రం ఆ 60 సెం.మీ. ఉండబట్టి డాలు దాటి మనిషిని అందుకుంటుంది. జర్మన్ చరిత్రకారుడు మార్కస్ యుంకెల్మన్ రెప్లికాలతో చేసిన ప్రయోగాల్లో 5 మీటర్ల నుంచి విసిరితే 30 ఎం.ఎం. పైన్ చెక్కని, 20 ఎం.ఎం. ప్లైవుడ్‌ని చీల్చుకుపోయింది. పిల్లలకి చూపించాల్సింది ఇది మేడం, వంగడం కాదు.

మీ మోడల్ విషయానికొస్తే, ముందు కాలం ఫిక్స్ చేసుకోండి, పీలమ్ అని ఒకే డిజైన్ వందల ఏళ్లు నడవలేదు. మీది అగస్టస్, టిబేరియస్ లాంటి రోమన్ చక్రవర్తుల నాణేల పాఠం కాబట్టి జర్మనీలో ఓబరాడెన్ అనే రోమన్ సైనిక క్యాంప్‌లో దొరికినవి మీకు సరిగ్గా సరిపోతాయి. ఆ క్యాంప్ క్రీ.పూ. 11 నుంచి 8 వరకే నడిచింది, అక్కడ కర్ర భాగం కూడా కొంత మిగిలింది కాబట్టి జాయింట్ ఎట్లా ఉండేదో ఊహించుకునే పని లేదు. ఇనుము కింది కొస బల్లపరుపుగా కొట్టి, కర్ర పైభాగంలో వెడల్పుగా వదిలిన దిమ్మలో చీలిక చేసి అందులో దించి, అడ్డంగా రివెట్లు కొట్టారు, చీలిక విచ్చుకోకుండా దిమ్మ పైన చతురస్రపు ఇనుప పట్టీ తొడిగారు. చాలా బొమ్మల్లో కర్ర మీద గుండ్రటి బంతి లాంటి బరువు కనిపిస్తుంది, రోమ్‌లో కాంచెల్లేరియా శిల్పాల మీద అట్లాంటిది ఉంది, కానీ అది మీ కాలం తర్వాత, 1వ శతాబ్దం చివరిది. మీ దానికి బంతి పెట్టించకండి.

కొలిమి_సిద్దిపేట

మేడం నమస్తే. మా తాత, మా నాయిన కమ్మరి పనే చేసిండ్రు, నేను సిటీల ఫ్యాబ్రికేషన్ షాపుల చేస్తున్న గని ఊరికి పోతే ఇప్పటికీ కొలిమి ముందు కూసుంట. పైన అన్న చెప్పిన జాయింట్ మాకు కొత్త కాదు, చేసెటోళ్లు ఉన్నరు, వెల్డింగ్ షాపుకు మాత్రం ఇయ్యకుండ్రి. వెల్డింగ్ పెట్టిన కాడ పక్కపొంటి ఇనుము గుణం మారుతది, ఇసిరినప్పుడు దెబ్బ ఆడనే పడుతది, ఆడనే ఇరుగుతది. మొన, కాడ, కింది పట్టీ మొత్తం ఒక్క రాడ్ల నుంచే తీయాలె.

ఎట్ల తీస్తరంటే, 12 ఎం.ఎం. ప్లెయిన్ రాడ్ ఫీటున్నర చాలు. ఒక కొస బొటనవేలంత పొడుగు అట్లనే వదిలిపెట్టి దాన్ని నాలుగు పలకలు కొట్టి మొన చేస్తరు. మొన కింద నుంచి కాయుకుంట, దాగలి మీద తిప్పుకుంట కొడితే రాడ్ సాగుతది, 12 ఎం.ఎం. జానెడంత ముక్క 7 ఎం.ఎం. సన్నానికి వచ్చేసరికి రెండు ఫీట్లు అయితది. ముందుగాల చౌకం కొట్టాలె, తర్వాత ఎనిమిది పలకలు, ఆఖరుకు గుండ్రం, సీదా గుండ్రంగ కొడితే లోపల చీలిక వస్తది. రెండో కొస ఇంచు వెడల్పు పట్టీలెక్క పరిచి, వేడి మీదనే రివెట్ బెజ్జాలు గుద్దితే మంచిది, డ్రిల్లు అయినా పర్వాలేదు. రంగు చూసి కొట్టాలె, ఎర్రదనం తగ్గి నల్లగ అయినంక కొడితే పలుగుతది. సమ్మెట కొట్టెటోడు ఒకరు, పటుకారు పట్టెటోడు ఒకరు ఉంటే పూట పని.

కొందరు నీళ్లల్ల ముంచి గట్టి చేస్తం అంటరు, ఎం.ఎస్. రాడ్‌ను ముంచినా పెద్దగ గట్టిపడదు, దాంట్ల కార్బన్ తక్కువ. మొన నిజంగ గట్టిగ కావాలంటే లారీ కమాన్ పట్టీ ముక్క కావాలె, కొడవండ్లు గొడ్డండ్లు దానితోనే చేస్తం, కాని పిల్లల మధ్యల పెట్టేదానికి గంత మొన ఎందుకు మేడం.

కర్ర తుమ్మ తీసుకోండ్రి. బండ్లకు, నాగళ్లకు మా దగ్గర తుమ్మనే వాడిండ్రు, దెబ్బకు ఆగుతది. టేకు చూసెతందుకు మంచిగుంటది గని పీచు పొట్టి, దెబ్బ పడితే జాయింట్ కాడ పలిగే భయం. రెండు ఇంచుల చౌకం కర్ర తీసుకొని పైన జానెడు దిమ్మ అట్లనే ఉంచి, కింది భాగం లేత్ మీద గుండ్రం చేయించుండ్రి, మెట్ల రెయిలింగ్‌కు కర్ర స్తంభాలు చేసే షాపులల్ల చేసిస్తరు. పీచు నిలువుగ కొస నుంచి కొస దాక సాఫీగ ఉన్నదా చూసుకోవాలె, గంటు ఉంటే ఆ కర్ర ముట్టుకోవద్దు.

హిస్టరీ_మేడం_తార్నాక

మీ అందరికీ చాలా చాలా థాంక్స్, ఇంత ఓపిగ్గా చెప్తారనుకోలేదు. పాలిబియస్ మాట వెలిటీల ఈటె గురించి అన్నది నాకు చాలా పెద్ద విషయం, ఇంటికెళ్లగానే అనువాదం తీసి రెండు పేరాలూ పక్కపక్కన చదివా, అచ్చం మీరు చెప్పినట్టే ఉంది. రేపట్నుంచి నోట్స్‌లో ఆ లైన్ మారుతుంది, ఆ రెండు పేరాలే పిల్లలకి ఇచ్చి చదివిస్తాను.

ఓబరాడెన్ మోడలే ఫిక్స్, ఇనుము కొలిమిలోనే. ఇంకో రెండు విషయాలు. మారియస్ చెక్క మేకు పిల్లలకి చూపిద్దామని ఉంది, రెండో పీలమ్‌కి అది పెట్టొచ్చా? ఇంకోటి, గ్రౌండులో విసరడం. ఎంత దూరం నుంచి విసరాలి, ఎవరు విసరాలి, ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? మా దగ్గర జావెలిన్ ఆడే అమ్మాయి ఒకరు ఉంది, తను విసిరితే సరిపోతుందా?

జావెలిన్_కోచ్_గచ్చిబౌలి

మేడం, నేను పిల్లలకి జావెలిన్ నేర్పిస్తాను కాబట్టి విసిరే సంగతి నేను చెప్తా. మీ అమ్మాయి విసరొచ్చు, కానీ అలవాటు ఉంది కదా అని ఫుల్ రన్‌అప్‌తో విసరనివ్వకండి. ఆడపిల్లల జావెలిన్ 600 గ్రాములు, మగవాళ్లది 800 గ్రాములు, మీ పీలమ్ కిలో పైన. అదే స్పీడుతో చెయ్యి తిప్పితే మోచెయ్యి, భుజం పట్టేస్తాయి. జావెలిన్ గాల్లో తేలడానికి చేసింది, టోక్యోలో నీరజ్ చోప్రా 87.58 మీటర్లు విసిరాడంటే ఆ ఆకారం సాయం కూడా ఉంది. పీలమ్‌కి అట్లా తేలే పని లేదు, బాగా విసిరేవాళ్లకి కూడా 30 మీటర్లు అంటే ఎక్కువ, గట్టిగా గుచ్చుకోవాలంటే 15, 20 మీటర్ల లోపే. నేలబారుగా, కోణం తక్కువగా విసరాలి.

పట్టు గురించి చెప్పాలి. దిమ్మ, ఇనుము పైనే ఉంటాయి కాబట్టి బ్యాలెన్స్ పాయింట్ కర్ర మధ్యలో ఉండదు, పైకి జరుగుతుంది. పీలమ్‌ని అడ్డంగా ఒక వేలు మీద పెట్టి ఎక్కడ నిలబడుతుందో చూసి అక్కడ చాక్‌పీస్‌తో గీత పెట్టండి, పట్టుకోవాల్సింది ఆ గీత దగ్గరే. దానికి వెనక పట్టుకుంటే మొన కిందికి వాలి ముందు నేలలోనే దిగుతుంది. మొదట నిలబడి విసరడం, తర్వాత రెండు మూడు అడుగులు, అంతే. ఒట్టి కర్రకి ఇసక సంచి కట్టి కొన్నాళ్లు ప్రాక్టీస్ చేయిస్తే ఇంకా మంచిది.

డాలుని గోడకి ఆనించకండి, పీలమ్ గోడకి తగిలి వెనక్కి ఎగురుతుంది. స్టాండుకి కట్టి వెనక మట్టి దిబ్బ ఉండేలా చూసుకోండి. విసిరే గీత దాటి ముందు గానీ పక్కన గానీ ఒక్కరు కూడా ఉండకూడదు, పిల్లలందరూ విసిరేవాళ్ల వెనక బాగా దూరంగా. పీలమ్ తేవడానికి మీరు చెప్పాకే ఒకరు వెళ్లాలి. గుచ్చుకున్నదాన్ని లాగేటప్పుడు కూడా కర్ర వెనక కొస ఎవరి మొహానికీ తగలకుండా చూడండి, మా దగ్గర జావెలిన్ పీకేటప్పుడే ఎక్కువ జాగ్రత్త చెప్తాం.

పాలిబియస్_పాఠకుడు

కోచ్ గారు ప్రాక్టీస్ మాట ఎత్తారు కాబట్టి ఒకటి, రోమన్ల దగ్గర కొత్తగా చేరిన కుర్రాళ్లకి అసలు ఈటెల కంటే బరువైన వాటితో స్తంభం మీదకి విసరడం నేర్పేవాళ్లని 4వ శతాబ్దం చివర్లో వెజీషియస్ అనే రోమన్ రచయిత రాశాడు. మీ అమ్మాయికి ఈ మాట చెప్పండి, ఇసక సంచి కట్టిన కర్ర ఎందుకో తనకి అర్థమవుతుంది.

చెక్క మేకు పెట్టొచ్చు మేడం, కానీ విసిరేదానికి మాత్రం వద్దు, క్లాసులో చేతులు మారేదానికే పెట్టండి. కింది రివెట్ ఇనుముది బిగించేసి పై బెజ్జంలో వెదురు మేకు దూర్చండి. దిమ్మ పైన పట్టీ మాత్రం దీనికి తొడగకండి, అది ఉంటే కాడ తిరగదు. టేబుల్ మీద పట్టుకుని మీరే మేకు విరిచి చూపిస్తే ఇనుము ఒక్క రివెట్ మీద ఎట్లా తిరిగి వాలిపోతుందో అందరికీ దగ్గర్నుంచి కనిపిస్తుంది, మేకులు ఎన్నైనా చెక్కుకోవచ్చు.

అడ్వకేట్_ఉప్పల్

ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా. ఆయుధాల నిబంధనల్లో 5వ కేటగిరీలో కత్తులు, బాకులతో పాటు బల్లేలు, జావెలిన్‌లు కూడా ఉన్నాయి. ఆయుధాల చట్టం 4వ సెక్షన్ కింద నోటిఫై చేసిన ఏరియాల్లో వీటికి లైసెన్స్ కావాలి. కాబట్టి చేయించే ముందే ప్రిన్సిపాల్ సంతకంతో కాలేజీ లెటర్‌హెడ్ మీద ఎందుకు చేయిస్తున్నారు, ఎక్కడ ఉంచుతారు, ఏ రోజు గ్రౌండులో చూపిస్తారు అని రాసి మీ ఏరియా పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి, అక్కడే లైసెన్స్ సంగతి అడిగి, రిసీవ్డ్ స్టాంప్ వేయించుకోండి. క్లాసులో తిరిగేదాని మొన గుండ్రంగా అరగదీయించండి. ఊరి నుంచి తెచ్చేటప్పుడు ఇనుము వేరుగా, కర్ర వేరుగా ప్యాక్ చేసి తెచ్చి, రివెట్లు కాలేజీలోనే కొట్టించండి. బస్సులో, మెట్రోలో తీసుకెళ్లే ఆలోచన పెట్టుకోకండి.

కొలిమి_సిద్దిపేట

వకీల్ సాబ్ చెప్పింది మంచిగుంది, రివెట్లు ఆఖరుకే కొట్టుకోవచ్చు, నేనే వచ్చి కొట్టిస్త మేడం. కర్ర మాత్రం ఇప్పుడే కొని పెట్టుండ్రి, పచ్చిది ఉంటే ఎండినంక గుంజుకపోయి రివెట్లు లూజైతయి. నీడల ఆరబెట్టుండ్రి, ఎండల పెడితే పలుగుతది. రాడ్ కొన్నంక ఫోటో పంపుండ్రి, దసరాకు ఊరికి పోతున్న, రెండు ఇనుములూ ఒక్కసారే కొట్టిస్త.